నాలా అనే మాట

బసవరాజు లక్ష్మీకాంత్ అనే న్యాయవాదిని హైమావతి మొదటిసారి చూసినప్పుడు, ఆయన నాచారంలోని కాలనీ సంఘం గదిలో ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెలుగు పంతులమ్మగా పదవీ విరమణ చేసిన నాటినుంచి కాలనీ అర్జీలన్నీ ఆ కుర్చీలో కూర్చుని ఆమే రాసేది. ఇప్పుడు సంఘం అధ్యక్షురాలు కౌసల్యమ్మ ఆమెకు బెంచీ చూపించింది.

"టీచరమ్మా, జర గీడ కూసోండ్రి. వకీల్ సాబ్ మున్సిపాలిటీ కేసులల్ల మస్తు పేరున్నాయన."

హైమావతి కూర్చుంది గాని, చూపు తన కుర్చీ మీదినుంచి తిప్పలేదు.

ఉప్పల్‌లో ఆఫీసున్న లక్ష్మీకాంత్ ఇంటి పన్ను తగాదాలు, అనుమతి లేని అంతస్తులు తప్ప మరో కేసు ముట్టేవారు కారు. భూముల కేసుల్లోకి రమ్మని తోటివాళ్లు ఊరిస్తే, "మన గల్లీ సంగతి ఎవలు సూస్తరు?" అనేవారట.

కాలనీ గొడవ ఇదీ: ఒక బిల్డరు, కాలనీ మురుగూ వాననీరూ పోయే నాలా మీదికి జరిపి గోడ కట్టాడు, వాన కురిస్తే మురుగంతా ఇళ్లలోకి వచ్చేది. లక్ష్మీకాంత్ ఫిర్యాదు చెబుతుంటే హైమావతి రాసింది. 'నాలా' అన్న చోటల్లా కలం ఆగింది. అది తెలుగు మాటేనా? చెప్పింది చెప్పినట్టు రాయడానికి తానేమైనా గుమాస్తానా? ప్రతిచోటా 'కాలువ' అని రాసేసింది.

"టీచరమ్మ రాసినంక నేను సదువుడేంది?" అని నవ్వి ఆయన సంతకం పెట్టారు.

కాలువలు నీటిపారుదల శాఖవి, తమకు సంబంధం లేదని మున్సిపాలిటీ జవాబిచ్చింది.

"గిదేంది సాబ్, కాలువంటరు? మనదేమన్న వరి పొలమా?" అని సమావేశంలో కౌసల్యమ్మ నిలదీసింది. అందరూ నవ్వారు.

"నా పొరపాటే అమ్మా," అన్నారు లక్ష్మీకాంత్, హైమావతి వైపు చూడనైనా చూడకుండా. ఆ మర్యాదే ఆమెను మరీ కాల్చింది. తిట్టి ఉంటే, తిరిగి ఒక మాట అనగలిగేది.

ఆయన కోర్టుకెక్కారు, గోడ కూలింది. కాలనీ చేసిన సన్మానంలో బంతిపూల దండ వేసుకుని ఆయన నాలుగు మాటలు మాట్లాడుతుంటే, హైమావతి విభక్తి తప్పులు ఏరుకుంటూ కూర్చుంది.

ఈ ఏడాది మున్సిపాలిటీ ఆయనను తన వకీలుగా నియమించుకుంది. ఇక కాలనీల పక్షాన నిలబడే వీలు లేదు. ఆ వార్తకు హైమావతి లోలోపల సంబరపడింది. ఆ సాయంత్రమే ఆయన ఆమె ఇంటి గుమ్మంలో ప్రత్యక్షం కావడంతో సంబరం దాచుకోవలసి వచ్చింది.

"ఇగ నేను అటుదిక్కు, టీచరమ్మా. బిల్డరు మల్ల పునాది తవ్వుతుండట."

"మరి కాలనీకి ఎవరండీ దిక్కు?"

"మీరే. ఆ కుర్చీ ఇగ మీది."

ఆమె ముఖం వెలగబోయి, ఆయన ఇస్తే వచ్చిన కుర్చీ కదా అని తట్టి, మళ్లీ ముడుచుకుంది.

"నా మీదనే గట్టిగ రాయుండ్రి. గని ఒక్కటి అడుగుత," అన్నారాయన మెట్లు దిగుతూ. "నాలాను జర నాలా అనే రాయుండ్రి."