కొండ గీత కత్తిరించిన రోజు

మొన్న పొద్దున్నే అక్క ఫోన్ చేసి, వంటింట్లో ఎండ కళ్లలో పడుతోందని, కిటికీకి పాత చీర కట్టుకున్నానని చెప్పింది. వినడానికి ఇంతే. కానీ గని ఊళ్లోని ఆ ఇంటికి ఎదురుగా, నేనెరిగినంత కాలం ఇనుపరాయి కొండ అడ్డంగా ఉండి, తొమ్మిది దాటితే గాని ఆ కిటికీలో ఎండ పొడ కనిపించేది కాదు. ఉతికిన బట్టలు ఆరి చావవని అక్క రోజూ ఆ కొండను తిట్టిపోసేది. ఇప్పుడా కొండను పూర్తిగా తవ్వేశారన్నమాట. ఫోన్ పెట్టేసి, భిలాయ్ స్మృతి నగర్‌లోని మా వరండాలో కూర్చుంటే పాత సంగతులు గుర్తొచ్చాయి.

తొంభైల్లో నేను భిలాయ్ ఉక్కు ప్లాంటులో ఉత్పత్తి చార్టులు గీసేవాణ్ణి, కాపురం ప్లాంటు కాలనీలోని సెక్టర్ 2లో. అక్క భర్త, మా బావ, ప్లాంటుకు రాయి పంపే గనిలో సర్వేయరు. ఉక్కు ఉత్పత్తి పాత రికార్డు దాటినప్పుడల్లా లడ్డూల పొట్లం, ఒక్కోసారి స్టీలు గిన్నో డబ్బానో ఇంటింటికీ వచ్చేదని మన వయసువాళ్లకి నేను చెప్పాలా? మా ఆవిడ వాటిని వరసగా పేర్చి, ఏది ఏ రికార్డుదో చుట్టాలకు వర్ణించి చెప్పేది. నాకూ గర్వం తక్కువేం కాదు, చార్టు మీద ఆ ఉత్పత్తి గీత గీసేది నేనే మరి. అది కాగితం అంచుకి తగిలితే పైన ఇంకో ముక్క అతికించి పొడిగించేవాణ్ణి. ఓసారి మా ఇంట్లో భోంచేస్తూ బావ అలా వచ్చిన ఓ స్టీలు గిన్నెను వేలితో టంగుమనిపించి, "ఇదేటనుకున్నావురా? మా ఎదురు కొండలో ముక్క. మీ గీతకేటి, కాగితం అతికిస్తే పెరుగుద్ది. కొండకి ఏటి అతికిస్తావు?" అన్నాడు. అందరం నవ్వేశాం.

ఒక ఏడాది, పెద్ద అధికారుల ముందు పెట్టే చార్టు గీసే పని నాకు పడింది. అది తెలిసి బావ, తాను ఏళ్ల తరబడి కొలిచిన కొండ ఏటేటా ఎంత మిగిలిందో గీసిన కాగితం పట్టుకుని రైల్లో వచ్చాడు. మా గీత కిందనే ఆ దిగిపోయే గీత కూడా వేయమని, ఒక్కసారి పెద్దవాళ్ల కంట పడితే తవ్వే జోరు తగ్గిస్తారేమోనని ఆయన ఆశ. ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. వేస్తానన్నాను, వేశాను కూడా.

మీటింగు ముందురోజు మళ్లీ రికార్డు. గీతకు చోటు చాలలేదు. స్టోరు దాకా వెళితే కాగితం దొరికేదే, కానీ దిగజారే ఆ గీత నా చార్టు అందం చెడగొడుతోందని అప్పటికే నాకు లోలోపల కంటగింపుగా ఉంది, అదీ అసలు నిజం. కొండ గీత ఉన్న కింది భాగం కత్తిరించి, తిరగేసి, పైన అతికించి, దాని వెనకవైపు మీద మా గీత పొడిగించాను.

మర్నాడు బావ గని తరఫున మీటింగుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, వెనక వరసలో కూర్చుని చూశాడు. చప్పట్లు మోగాయి. అందరూ వెళ్లాక చార్టు దించుతుంటే దగ్గరికొచ్చి, పై ముక్కను వెలుతురుకు పట్టి, వెనకనున్న తన గీతను గుర్తుపట్టాడు. "కొండనే అతికించీసినావేటిరా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడు వచ్చినా ఆ స్టీలు గిన్నెలు ముట్టకుండా విస్తరాకులోనే తిన్నాడు.

బావ పోయి చాలా కాలమైంది. ఆ ఒక్క కాగితం చూసి ఎవరైనా తవ్వడం తగ్గించేవారో లేదో నాకు తెలియదు, కానీ చూడకుండా చేసింది మాత్రం నేనే. ఇప్పుడు రాయి ఇంకా దూరపు అడవుల నుంచి వస్తోంది. గీత ఇంకా పైకే పోతోందట, అతికించే పని కూడా లేదు, కంప్యూటరే చోటు పెంచుకుంటుంది. ఫోన్ పెట్టేసే ముందు, బట్టలు బాగా ఆరుతున్నాయా అని అక్కను అడిగాను. గంటలో ఆరిపోతున్నాయంది. మళ్లీ తనే, "ఆ కొండ ఉంటే బాగుణ్ణురా" అంది.