బావ పొలంలో నా బనియన్

నిన్న బాన్సువాడ నుంచి కూడా ఫోన్లు, "సారూ, బనియన్ ముచ్చట నిజమేనా?" అని. ఇగ నేనే చెప్తా వినండి. వేరేవాళ్ల నోట్లో అది పెరుగుతనే ఉంది!

ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం. కథ లేకుండా నేను పాఠం చెప్పను కదా! "మట్టి బతికుందా, సచ్చిందా తెలవాలంటే దానికి బువ్వ పెట్టి చూడాలె. నూలుబట్ట పాతిపెట్టున్రి. కంటికి కనపడని జీవులు జాతరకొచ్చినట్టొచ్చి తినిపోతయి. మందులు చల్లి చల్లి వాటిని సంపితే, బట్ట బట్టలెక్కనే ఉంటది" అన్నాను. పిల్లలు ఊరుకుంటారా? "మీరు పాతిపెట్టిన్రా సార్?"

అందుకే పాతిపెట్టాను. నా బనియన్, మా అక్క మొగుడు సాయిలు బావ పొలంలో, కోతలు కాగానే. నవ్వుతాడని బావకు చెప్పలేదు. ఆనవాలుండాలని దానికి ఎర్రదారం కట్టి, కొస పైకి వదిలాను. ఆ తెలివి ఎవరిచ్చారో! తర్వాత సుబ్బరంగా మరిచిపోయాను.

మొన్న ఆదివారం పొద్దున్నే బావ ఫోన్. "బామ్మర్దీ, జల్ది రా! నాట్లు ఆగినయ్. పొలంల ఎవడో బాణామతి చేసిండు!"

బండి మీద ఉరికాను. నారు కట్టలు ఎండకు వాడిపోతున్నాయి. నాటేసే ఆడవాళ్లంతా గట్టెక్కి కూర్చున్నారు. రేపు వాళ్లు వేరే నాట్లకు వర్ని ఊరికి పోవాలి. ఇవాళ నాటకపోతే నారంతా పారేసుడే. బావ గట్టు మీద కాలు నిలవక తిరుగుతుండు. ముఠా పెద్ద నర్సవ్వ కర్రతో బురదలోంచి ఏదో లేపి చూపింది. జల్లెడలా తూట్లు పడ్డ గుడ్డ. ఎర్రదారం!

నిజం చెప్తున్నా, ముందు నాకు సంతోషమే అయింది. "అబ్బ! ఎంత మంచిగ తిన్నయి!"

"ఏవి తిన్నయి సారూ?" నర్సవ్వ కర్ర కింద పడేసింది.

"కంటికి కనపడవు అవ్వా. ఈ పొలం నిండ కోట్లల్ల ఉన్నయి."

ఇద్దరు ముగ్గురు సద్దిగిన్నెలు సర్దుకున్నారు!

"నీకు దండం పెడ్త, నోరు మూయి!" అన్నాడు బావ.

"అరే, అది నా బనియనే బావా! నేనే పాతిపెట్టిన!"

నర్సవ్వ నమ్మలేదు. "గంత సదువుకున్న సారు బనియన్‌కు ఎర్రదారం కడ్తడా? మీదే అయితే ముందు మీరు దిగున్రి."

దిగాను. ప్యాంటు మడిచి, నారు పట్టుకొని, బురదలో వంగి నాటాను. ఒక కన్ను నారు మీద, ఒక కన్ను ఎక్కుతున్న పొద్దు మీద. సగం సాలు కాకముందే నర్సవ్వకు భయం పోయి కోపమొచ్చింది.

"ఏంది సారూ, పాము పోయినట్టు గా వంకర! జరుగున్రి, జరుగున్రి!" అంటూ దిగింది. ఆమె వెనకే అందరూ.

పొద్దుగూకే సరికి నాట్లయిపోయాయి. బావ చెయ్యి కడుక్కుంటూ, "బామ్మర్దీ, వచ్చేసారి ప్యాంటు గూడ పాతిపెడ్తవా?" అన్నాడు.

మట్టి బతికే ఉంది, పాఠం నిజమే. కాకపోతే నా బనియన్ తినడానికి సూక్ష్మజీవులకు నెల పట్టింది. నా పరువు తినడానికి ఊరికి ఒక్క పూట కూడా పట్టలేదు!