పెసరట్టు తిన్న వదినగారు

మా పక్కింటి వదినగారు పోయిన మంగళవారం కన్నుమూశారు. కబురు చెప్పడానికి అన్నయ్యగారే వచ్చి, "మీ వదిన వెళ్ళిపోయిందయ్యా" అని మా అరుగు మీద కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళ ఇరుగుపొరుగు మాది. ఆవిడ మాట్లాడేవారు, నేను వినేవాణ్ణి. ఇప్పుడు అడ్డుకునేవారు లేరు కాబట్టి మీతో నేను మాట్లాడుతున్నాను.

మా ఆగిరిపల్లి మామిడితోటల్లో కాపలాకి బర్మా నుంచి తిరిగొచ్చిన ఒక కుటుంబం చేరింది. ఆయన మన తెలుగువాడే, రంగూన్‌కి కూలికి వెళ్ళినవాడు. ఆవిడ బర్మా మనిషి. వాళ్ళ పిల్లకి అచ్చం తల్లి ముఖం. బళ్ళో పిల్లలు "జపాన్ బొమ్మ" అని ఏడిపించేవారు. వదినగారు ఓరోజు బడి గేటు దగ్గర నిలబడి, "దాని కళ్ళు చిన్నవేరా, మీ బుద్ధికన్నా పెద్దవే" అని కడిగేశారు.

నేను ఊరుకుంటానా? ఐదో తరగతిలో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి పండితుణ్ణయినవాణ్ణి. "అంటుమామిడి లాంటిది వదినగారూ, రెండు చెట్ల మంచీ ఒక్క కాయలో..." అని మొదలెట్టాను. చిన్నరసం అంటు కట్టడంలో ఓ కిటుకుంది, అదీ చెప్పబోయాను.

"పిల్లని పిల్లలా చూడండి మరిదిగారూ, మొక్కలా కాదు" అన్నారు. ఆ కిటుకు నా దగ్గరే ఉండిపోయింది.

పెద్దయ్యాక ఆ పిల్లకి రెడ్డిగూడెం సంబంధం కుదిరింది. అబ్బాయి ఇష్టపడే చేసుకుంటున్నాడు. అతని పెదనాన్న మాత్రం ఒక షరతు పెట్టాడు. వేరే జాతి మనిషి కాబట్టి తల్లి కన్యాదానానికి పీటల మీద కూర్చోకూడదు, ఆ తల్లిదండ్రుల బదులు మనవాళ్ళలో దంపతులెవరైనా కూర్చోవాలి. వదినగారినే అడిగారు. "అలాగేనండీ" అనేశారావిడ! నాకు ఒళ్ళు మండి రెండు రోజులు పలకరించలేదు.

పెళ్ళి ముందురోజు ఆ తల్లి వచ్చింది. "పీటల మీద నేను కూర్చోను అక్కా. అయినా రేపు ఏం తినను. నా పిల్ల పెళ్ళి" అంది. కన్యాదానం చేసేవాళ్ళు ఉపవాసం ఉండాలి కదా, ఆ నియమం ఆవిడ ఎవరూ చెప్పకుండానే పట్టింది. వదినగారు ఆమె ముఖంలోకి చూసి, "తినకు. మీ ఆయన్నీ తిననివ్వకు" అన్నారు.

మర్నాడు పొద్దున పెళ్ళింట్లో టిఫిన్లు. వదినగారు అన్నయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని పెసరట్టు తింటున్నారు.

"వదినగారూ, ఉపవాసం?" అన్నాను గాభరాగా.

"ఆ అల్లం పచ్చడి ఇలా జరపండి" అన్నారు.

పందిట్లో పంతులుగారు అడిగారు: "కన్యాదాతలు ఉపవాసం ఉన్నారా అమ్మా?"

"అయ్యో, రెండు పెసరట్లు తిన్నానండీ. ఈయన మూడు."

"నువ్వే కదే తినమన్నావు!" అన్నారు పట్టుపంచెలో అన్నయ్యగారు, పాపం.

పెదనాన్న ఎర్రబడ్డాడు. "ఇప్పటికిప్పుడు ఉపవాసం ఉన్న జంటని ఎక్కణ్ణించి తెమ్మంటారండీ?"

"వెతకడం దేనికండీ? పొద్దుట్నించి మంచినీళ్ళు తప్ప ముట్టని కన్నవాళ్ళు ఆ స్తంభం పక్కనే ఉన్నారు."

పంతులుగారు గడియారం చూసుకున్నారు. "శాస్త్రం ఒప్పుకుంటుంది. ముహూర్తం మాత్రం ఆగదు" అన్నారు.

"పెదనాన్నా, అత్తయ్యగార్నే కూర్చోనీ" అన్నాడు పెళ్ళికొడుకు. పెదనాన్న చెయ్యి ఊపాడు. అది సరేననో, మీ ఖర్మ అనో మేం అడగలేదు. పీటలు వేసేశాం.

తరవాత వదినగారు నాతో అన్నారు: "కాదంటే ఇంకో జంటని తెచ్చుకునేవారు. ఔనన్నాను కనక వెతకడం మానేశారు."

ఆ పెళ్ళి మాట పాకి, చుట్టుపక్కల బర్మా కుటుంబాలన్నీ ఆవిడ గుమ్మం తొక్కడం మొదలెట్టాయి. బళ్ళో చేర్చుకోరని, ఇల్లు అద్దెకివ్వరని. అర్జీలు నేను రాసేవాణ్ణి. నా తెలుగు బాగుందని ఆఫీసర్లు మెచ్చుకునేవారు. పని మాత్రం ఆవిడ వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంటేనే అయ్యేది. ఇప్పుడు వాళ్ళ పెళ్ళిళ్ళలో తల్లి కూర్చోవచ్చా అని ఎవరూ అడగరు.

ఆ పెళ్ళిరోజు అల్లుడి కాళ్ళు కడగడానికి నీళ్ళు పోసి లేచిన ఆ తల్లి, ఖాళీ అయిన చెంబుని కింద పెట్టలేదు. ఎవరో అందుకోబోతే ఇవ్వలేదు. తడిసిన పట్టుచీర కుచ్చిళ్ళు నేలకి తగులుతుండగా, చెంబు గుండెకి ఆనించుకుని, పందిరి మధ్య నుంచి నడిచింది. పెదనాన్న కుర్చీ జరుపుకుని దారిచ్చాడు.