అమ్మ కొంగున తూటాలు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మా నాన్న చేతిలో బాగుపడని వస్తువంటూ ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. యూనివర్సిటీ వర్క్‌షాపులో మెకానిక్ ఆయన. బిగుసుకుపోయిన మైక్రోస్కోపు మరను వెన్నలా తిరిగేట్టు చేసి క్వార్టర్సుకు వచ్చిన రోజు ఆయన నడకే వేరుగా ఉండేది.

ఆ ఏడు ఊళ్లో గొడవలు. పొద్దు వాలకముందే తలుపులు మూసుకునేవాళ్లం. తార్నాకలో ఉండే మా పెదనాన్న, అటవీ శాఖలో రిటైరైన మనిషి, లైసెన్సున్న తన పాత పిస్తోలునూ తూటాల పొట్లాన్నీ పట్టుకొచ్చాడు. ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉందట, ఆయన వేలికి బలం చాలడం లేదట. కాచిగూడలో తుపాకులు బాగుచేసే ముసలి మిస్త్రీకి ఇస్తే వారం పడుతుందట.

"గంత దూరం ఎందుకన్నా, ఇంట్ల నేనే చేస్త" అన్నాడు నాన్న. అమ్మ వద్దంటే వినిపించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని పిస్తోలు విప్పి లోపలి ముక్కలు అరగదీశాడు. ఎండ వాటి మీద పడేట్టు గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని నేను ఎదురుగా కూర్చున్నాను. అన్నీ బిగించాక నొక్కి చూస్తే ట్రిగ్గర్ ఎంత తేలిగ్గా కదిలిందో! నాకూ గర్వమే. గొట్టం నా వైపే ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. నింపి చూద్దామని నాన్న తూటాల కోసం చెయ్యి చాపాడు. పొట్లం లేదు.

అమ్మ దాన్ని కొంగున ముడేసుకుని గడపలో నిలబడి ఉంది. "మిస్త్రీ చూసి మంచిగున్నదన్నంకనే ఇస్త. అప్పటిదాంక అడగకుండ్రి" అంది. ఎన్నడూ అంత గట్టిగా ఎదురుచెప్పని మనిషి. నాన్న ముఖం మాడిపోయింది.

మర్నాడు పంతం కొద్దీ పెదనాన్ననూ నన్నూ వెంటబెట్టుకుని కాచిగూడ వెళ్లాడు. మిస్త్రీ ఒక్కసారి నొక్కి చూశాడు. పిస్తోలు ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, దాని వెనక తూటాను కొట్టే చిన్న సుత్తిని లాగి నిలిపి, గొట్టం ఇసుక బస్తా వైపు పెట్టి బల్ల మీద ఉంచాడు. చేతులు తీసేశాడు. ఆ తర్వాత బల్ల మీదే ఉన్న ఇనప పెట్టె మూత ధడాలున వేశాడు.

ఎవరూ ముట్టుకోకుండానే సుత్తి పడి పిస్తోలు టక్కుమంది.

"గిది మైక్రోస్కోపు గాదు సాబ్. గా బిగువు ఉండాల్నని పెట్టింది, మీరు దాన్నే అరగదీసిండ్రు" అన్నాడు మిస్త్రీ. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు, "బిడ్డా, నాయిన పని చేస్తుంటే నువ్వేడ కూసున్నవ్?"

ఎదురుగా, అద్దం పట్టుకుని అని హుషారుగా చెప్పాను. నాన్న అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. నన్ను దగ్గరికి లాక్కున్నాడు. నాకు భయం వేసింది అప్పుడే.

పిస్తోలు మిస్త్రీ దగ్గరే ఉండిపోయింది. ఇంటికి వచ్చాక నాన్న తూటాలు అడగలేదు.

ఆ తర్వాత కూడా నాన్న ఎన్నో బాగుచేశాడు. కానీ పని మొదలుపెట్టే ముందు నన్ను ఎదురుగా కాక తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఇప్పటికీ ఇంట్లో తలుపు ధడాలున పడితే, నా కళ్లు తలుపు వైపు వెళ్లవు. మా మనవరాలు ఎక్కడ కూర్చుందో చూస్తాయి.