సువర్ణరేఖ ఒడ్డున నేను వేసిన పార్కు

ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న మా ఊళ్ళో, కద్మా పేటలో మా ఆయనా నేనూ అద్దెకుంటున్న ఇంట్లో, వెనక గదిలో ఉంటుంది నా కంప్యూటర్. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఇంజినీరింగ్ యూనిట్‌లో డ్రాయింగులు గీసే పని నాది. ఆదివారాలు మాత్రం నగరాలు కట్టే వీడియో గేమ్ ఆడేదాన్ని. రోడ్డు వేసి, ఇళ్ళకింత, దుకాణాలకింత, ఫ్యాక్టరీలకింత అని జాగా కేటాయిస్తే జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చి చేరతారు. వాళ్ళెంత సంతోషంగా ఉన్నారో తెర పైభాగాన ఒక గీత చూపిస్తుంది.

ఒకసారి అందులో మా ఊరినే కట్టడం మొదలుపెట్టాను. రెండు నదులూ, స్టేషనూ, వంతెనలూ బాగానే కుదిరాయి. సువర్ణరేఖ ఒడ్డునున్న బస్తీ, భుయ్యాడీహ్ దగ్గరే చిక్కొచ్చింది. ఆటలో ప్రతి ఇల్లూ రోడ్డును ఆనుకుని ఉండాలి. అక్కడి అసలు సందుల్లోనేమో సైకిల్ ఎదురొస్తే మనిషి గోడకు ఒత్తుకోవాలి. ఎలాగో ఇళ్ళు ఇరికిస్తే నీళ్ళు లేవని, చెత్త పేరుకుందని గుర్తులు వెలిగేవి. విసుగొచ్చి బుల్డోజర్ బొమ్మ నొక్కాను. నది ఒడ్డు దాకా చదును చేసి పార్కు వేశాను. సంతోషం గీత పైకి లేచింది. నాకూ హాయిగానే అనిపించింది. పాలిటెక్నిక్ చదివిన మూడేళ్ళూ నేను ఆ సందులోనే, మా మేనత్త ఇంట్లో, ఆవిడ చేతి అన్నం తిని బతికాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త, కాలేజీలో చదువుతున్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. తెర మీద బొమ్మ చూసి నిలబడిపోయింది.

“ఏటే ఇది? మనూరేనా?”

“అవునత్తా,” అని గొప్పగా స్టేషన్ చూపించాను.

“మరి మా ఇల్లేదే?”

“అక్కడిదాకా ఇంకా కట్టలేదత్తా.”

మరదలు ముందుకు వంగి, నది వెంట వేలితో వెతుక్కుంటూ వచ్చింది. “దీదీ, యహా తో పార్క్ బనా దియా ఆప్‌నే!” అంది, ఇక్కడ పార్కు వేసేశావేంటన్నట్టు.

అత్త ముఖం పాలిపోయింది. “ఆపీసులో ఏటైనా తెలిసిందేటే? మా ఇళ్ళు తీసేత్తారా? సెప్పు, దాయకు.”

ప్లాన్లు గీసేదాన్ని కదా, ఇదీ నిజం ప్లానే అనుకుంది.

“లేదత్తా, ఇది ఉత్త ఆట.”

“ఆటా? ఆటలో మమ్మల్నెందుకు తీసీసేవే?”

నది ఒడ్డున ఇళ్ళుండకూడదు, వరదొస్తుంది అని ఏదో గొణిగాను.

“ఆ ఏడు నీళ్ళొచ్చినప్పుడు నువ్వూ మాతోపాటు మంచమెక్కి కూకున్నావు కదే,” అంది అత్త. గొంతులో కోపం లేదు. ఇంకాసేపు కూర్చోకుండానే వెళ్ళిపోయారు.

తరవాతి ఆదివారం క్షమాపణ చెప్పుకుందామని భుయ్యాడీహ్ వెళ్ళాను. సందు మొదట్లోనే అయిదారుగురు ఆడవాళ్ళు నన్ను చుట్టేశారు. ఆట అన్న మాట అత్త నమ్మలేదు. నేను ఏదో దాస్తున్నానని భయపడి ఇరుగుపొరుగుకు చెప్పింది. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, వాటిలో కరెంటు బిల్లులు, రేషన్ కార్డులు. ముందు నిలబడ్డావిడ వానాకాలంలో నా పుస్తకాలు తన అటక మీద దాచిపెట్టిన మనిషి.

“ఈ కాయితాలు సాలతాయేటమ్మా? నువ్వు సదూకున్నదానివి, సూసి సెప్పు.”

అది కంప్యూటర్ ఆట అని, ఏ ఇల్లూ ఎవరూ తియ్యడం లేదని, పొద్దుపోక నేనే వేసిన బొమ్మ అని నడి సందులో నిలబడి చెప్పాను. తల ఎత్తలేకపోయాను. తిడతారనుకున్నాను. ఆవిడ బిల్లులు మళ్ళీ మడతపెట్టి కవర్లో పెట్టుకుంది.

“ఏటీ నేదన్నావు, అదే పదివేలు తల్లీ,” అంది. మిగతావాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

లోపల అత్త టీ ఇచ్చింది. “వారం దినాలై నిద్దర నేదే నాకు.”

“తప్పయిపోయిందత్తా.”

“సల్లారిపోతంది, తాగు,” అని పొయ్యి వైపు తిరిగింది.

ఇంటికొచ్చి ఆ ఊరిని మొత్తం చెరిపేశాను. అన్ని నెలల పని ఎందుకు పోగొట్టావని మా ఆయన అడిగితే, కంప్యూటర్ పాడైందన్నాను. అత్త ఇప్పటికీ వస్తుంది, వంటింట్లోనే కూర్చుని వెళ్తుంది. నేను మూడేళ్ళు భుయ్యాడీహ్‌లో ఉండి చదువుకున్నానని మా ఆఫీసులో ఈరోజుకీ ఎవరికీ చెప్పలేదు.