ముసుగమ్మ స్టాపు

పుంగనూరు చెంగయ్య చేసిన నాయకుల విగ్రహాలు ఎన్నని అడిగితే లెక్కపెట్టే ఓపిక చెంగయ్యకే లేదు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ కూడలిలో బస్సు మలుపు తిరిగినా ఒకాయన వేలు చూపిస్తూ నిలబడి ఉంటాడు. ఆ వేలు చెంగయ్య చేసిందే, ఆ కళ్ళజోడూ చెంగయ్య చేసిందే. పుట్టినరోజుకొక దండ, వర్ధంతికొక దండ, మిగతా ఏడాదంతా కాకులు. బస్సులో ఒక్కరైనా తలెత్తి ఆ ముఖం వంక చూస్తారేమోనని మొదట్లో ఆయన కిటికీ పక్క సీటు కోసం పోట్లాడేవాడు. చూసేవాళ్ళు లేకపోలేదు. చూసి, "విగ్రహం వచ్చింది, దిగండి దిగండి" అనేవాళ్ళు. రానురానూ ఆయన బస్సెక్కగానే కళ్ళు మూసుకోవడం నేర్చుకున్నాడు.

కుర్రతనంలో కుప్పం వైపు గుడిగోపురాల మీద బొమ్మలు చేసే అరవ మేస్త్రీల దగ్గర తట్టలు మోశాడు. మోస్తూ మోస్తూనే పని పట్టుకున్నాడు. వాళ్ళకొక పట్టింపు ఉండేది. బొమ్మకు నల్లగుడ్లు ముందే చెక్కకూడదు. అంతా అయ్యాక, జనం చూసే రోజున, చిన్న ఉలితో కళ్ళు తెరిపించాలి. ఒకసారి తెరిచిన కళ్ళకు మళ్ళీ గుడ్డ కప్పకూడదు. తొంభైల్లో ఊరూరా విగ్రహాల పిచ్చి ముదిరి, పని మీద పని వచ్చి పడ్డాక చెంగయ్య ఆ పట్టింపు గాలికొదిలేశాడు. కళ్ళతో సహా షెడ్డులోనే చెక్కేసి, గోనెపట్టా చుట్టి, ట్రాక్టరెక్కించేవాడు. వేలు చూపించే సిమెంటుకు శాస్త్రమేమిటని ఆయన విసుగు.

తొంభై ఎనిమిదిలో రామకుప్పం అవతల, అడవి అంచు పల్లె నుంచి రెడ్డెప్ప అనే రైతు షెడ్డుకు వచ్చాడు. వాళ్ళకు కావలసింది నాయకుడు కాదు, మంత్రసాని కుప్పమ్మ. ఆ చుట్టుపక్కల పల్లెల్లో రెండు తరాలకు పురుడు పోసి, మూడేళ్ళ కిందట పోయిన మనిషి. ఆమెను గడప దాటి వంటింట్లోకి రానివ్వని ఇళ్ళలో కూడా బిడ్డను తాకిన మొదటి చెయ్యి ఆమెదే. ఊరంతా రాగులు పోగుచేసి అమ్మి, దారులు కలిసే చోట ఆమె విగ్రహం పెట్టాలనుకున్నారు. రెడ్డెప్ప కమిటీకి ప్రెసిడెంటు.

ఫోటో లేదు. బతికినన్నాళ్ళూ ఆమెకు ఫోటో దిగాల్సిన పనే పడలేదు. కూతురు బుజ్జమ్మను తీసుకొచ్చి చెంగయ్య ఎదుట కూర్చోబెట్టారు. అరవై దగ్గరపడిన మనిషి, మాటలు తక్కువ.

"మా యమ్మ నా మాదిరి ఉండదప్పా" అందామె. "ముక్కు నాదే. సూపు నాది గాదు. ఎడం దవడన ఎప్పుడూ ఆకూవక్కా పెట్టుకోనుంటాది. ఎంత నొప్పుల్లో ఉండే ఆడదైనా మా యమ్మ మొగం సూస్తే అరుపు తగ్గించేది."

చూస్తే అరుపు తగ్గే ముఖం. అదెట్లా ఉంటుందో చెంగయ్యకు తెలియదు. కట్టిన ముఖాన్ని చెక్కి తీసేసి మళ్ళీ కట్టాడు, మళ్ళీ తీసేశాడు. సిమెంటు తిన్న వేళ్ళు పగిలి అన్నం కలుపుకుంటే మండేవి. భార్య పూలమ్మ కంచం పెడుతూ ఎత్తిపొడిచేది.

"మంత్రులకు ఒక దినంలో మొగం పెట్టేసేటోడివి. మంత్రసానికి ఇన్నాళ్ళా?"

"మంత్రుల్ని ఎవురు సూస్తారు లే" అన్నాడు చెంగయ్య. "దీన్ని సూసేదానికి ఒక కూతురుండాది."

నిజానికి ఆయన ఆశ కూతురితో ఆగలేదు. ఊరు ఊరంతా ఆమె చేతిలో పుట్టినవాళ్ళే. వాళ్ళలో ఒక్కడు, ఒక్కసారి, ఆ ముఖం ముందు ఆగి నిలబడితే చాలు, ఈ చాకిరీకి ఒక అర్థముంటుందనుకున్నాడు. అందుకే పాత పట్టింపు మళ్ళీ పట్టుకున్నాడు. నల్లగుడ్లు ఆవిష్కరణ రోజున, జనం ఎదుటే చెక్కుతానన్నాడు. దవడలో ఆకూవక్క ఉబ్బు చూసి రెడ్డెప్ప మూతి విరిచాడు. "పన్ను వాచినట్టుండాదే చెంగయ్యా" అన్నాడు. చెంగయ్య ఆ ఉబ్బు మాత్రం ముట్టుకోలేదు.

విగ్రహాన్ని దిమ్మె మీద నిలిపి నీలం టార్పాలిను కప్పారు. ఇక ముసుగు ఎవరు తీయాలన్నది మిగిలింది. రెడ్డెప్ప మంత్రిగారన్నాడు. ఇంకో వర్గం, మా ఎమ్మెల్యే ఏం పాపం చేశాడంది. మంత్రిగారు వస్తానన్న రోజున వర్షం. ఆ తరువాత ఎన్నికలు. గెలిచినాయన మదనపల్లెకొచ్చి, మార్కెట్టులో టమోటాల మీద మాట్లాడి, అటు నుంచి అటే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎన్నికలు. టార్పాలిను పీలికలైతే దాని మీద బియ్యం గోతాలు కుట్టి కప్పారు. ఆ చోటికి ముసుగమ్మ స్టాపు అని పేరు పడింది. కండక్టర్లు కూడా అదే పేరుతో టిక్కెట్టు కొట్టేవాళ్ళు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారులు ఇద్దరు.

చెంగయ్య మొదట్లో కబురు కోసం కాచుకున్నాడు. తరువాత తనే రెండుసార్లు వెళ్ళి అడిగాడు. తరువాత మానేశాడు. ఆ మధ్యలో పూలమ్మ జబ్బు చేసి పోయింది. మోకాళ్ళు పట్టేశాయి. మదనపల్లెకొక వేలు, సోమలకొక నమస్కారం చేసి పంపిస్తూనే ఉన్నాడు. రాత్రి పడుకుంటే ఆ చూపులేని రెండు గుడ్లు గోతాల కింద ఉన్నాయని గుర్తొచ్చేది. పూలమ్మ జబ్బుకు చేసిన అప్పు కంటే అదే ఎక్కువ బాధపెట్టేది.

రెండువేల ఐదులో, రాగి కోతల కాలంలో, అడవిలోంచి ఏనుగులు దిగాయి. తెల్లారి చూస్తే రెడ్డెప్ప చేను సగం నేలమట్టం. ముసుగమ్మ గోతాలు చేను మధ్యలో పడి ఉన్నాయి. విగ్రహం మీద గీత కూడా పడలేదు. మంత్రికీ ఎమ్మెల్యేకీ కుదరని తీరిక ఒక ఏనుగుకు కుదిరింది.

కానీ నల్లగుడ్లు లేని ఆ కళ్ళు చూసి పిల్లలు ఆ దారిన నడవబోమని ఏడ్చారు. కడుపుతో ఉన్న కోడళ్ళను అత్తలు చుట్టుదారిన పంపించారు. పురుళ్ళు పోసిన మనిషికి ఆ గతి పట్టడం బుజ్జమ్మ ఓర్చుకోలేకపోయింది. బస్సు కండక్టరు చేత చెంగయ్యకు కబురు చేసింది.

చెంగయ్య వి.కోటలో బస్సు మారి, ఉలి సంచితో దిగాడు. బుజ్జమ్మ ఒక్కతే ఉంది, నిచ్చెన పక్కన.

"ఆవిష్కరణ గాకుండా తెరిపించగూడదమ్మా" అన్నాడాయన.

"ముసుగు తీసింది గదప్పా ఏనుగు. ఆవిష్కరణ అంటే ఇంకేంది?"

ఆయనకు వాదించే ఓపిక లేదు. మెట్టు మెట్టుకూ మోకాళ్ళు తిట్టుకుంటూ ఎక్కాడు. ఉలి పెట్టి చెక్కాడు. కుడికన్ను, ఎడమకన్ను. ఊదితే ధూళి రాలింది. కిందికి దిగి వెనక్కి తిరిగి చూస్తే, బుజ్జమ్మ తల్లి పాదాల దగ్గర దిమ్మెకు ఆనుకుని కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. బాగుందో లేదో అడగకుండా ఆయన ఉలి తుడిచి సంచిలో పెట్టాడు.

అంతలో మోటారు సైకిలు మీద రెడ్డెప్ప వచ్చాడు. వెనక కొత్త పసుపు గుడ్డ, తాడు.

"చెప్పాచెయ్యకుండా ఎవురు తెరిపించమన్నారు చెంగయ్యా? వచ్చే నెల మంత్రిగారు వస్తాండారు. ఈసారి ఖాయం. కట్టు మళ్ళా."

"తెరిచిన కండ్లకు గుడ్డ కప్పకూడదు రెడ్డెప్పా. నా చేతగాదు."

"ఆ శాస్త్రాలు గుడిలో పెట్టుకో. ఇది రోడ్డు."

రెడ్డెప్ప గుడ్డ భుజాన వేసుకుని తనే నిచ్చెనెక్కాడు. పంట పోయిన కోపమంతా ఆ ఎక్కడంలో ఉంది. చెంగయ్య ఆపలేదు. అలసిపోయి ఉన్నాడు. కడితే కట్టనీ, ఒక గంటైనా ఆమె లోకాన్ని చూసింది, అంతే ప్రాప్తం అనుకున్నాడు.

బుజ్జమ్మ మాత్రం కూర్చున్నచోటి నుంచే తలెత్తింది. గొంతు పెంచలేదు.

"కట్టప్పా, కట్టు. నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టినోడివి. రెండు పొద్దులు మా యమ్మ మీ యమ్మ కాళ్ళకాడే కూసోనింది. మీ నాయన ఇద్దరూ దక్కరని గుంత తవ్వేదానికి పారకు పోయినాడంట. వచ్చేలోగా నిన్ను బయటికి తీసి పెట్టింది. ఇంగ కట్టు."

రెడ్డెప్ప గుడ్డ విప్పి రెండు చేతులా చాచాడు. అతని ముఖానికీ ఆ ముఖానికీ మధ్య జానెడు దూరం. చెంగయ్య కింది నుంచి చూస్తున్నాడు. గుడ్డ అలాగే గాలికి ఊగింది. అతను దాన్ని పైకెత్తాడు, దించాడు. ఆఖరికి ఆ గుడ్డను ఆమె భుజాల చుట్టూ శాలువాలా చుట్టి ముడేసి, ముఖం వదిలేసి దిగాడు.

బండి తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తాళం బండికే ఉంది. చెంగయ్య వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వా కండ్లు తెరిపించకుండా ఉండాల్సింది చెంగయ్యా. ఆమె నన్ను సూస్తాండాది."

మదనపల్లె నుంచి కుప్పం దాకా ఇన్నేళ్ళు నిలబెట్టిన ముఖాల్లో ఒక్కదాని గురించైనా ఒక మనిషి ఆయనతో అన్న మొదటి మాట అది. చెంగయ్యకు అక్కడే, ఆ దుమ్ములోనే కూర్చుని ఏడవాలనిపించింది. మోకాళ్ళు సహకరించకపోయినా, దిమ్మె పట్టుకుని, మెల్లగా కూర్చున్నాడు.