ఇద్దరి ఏమరుపాటు

మంగళవారం. పొద్దున క్లాసుకు వెళ్లేసరికి తెలుగు మేడం నా వ్యాసాన్నీ, రామాయంపేట నుంచి మెదక్ వచ్చి చదువుకునే నా బెంచీ స్నేహితురాలు స్వప్న వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టారు. "పిడుగు పడగానే ఏమరుపాటుగా లేచాను" అన్న వాక్యం రెండింటిలోనూ ఉంది.

"ఏమరుపాటంటే ఉలికిపాటు కాదు, జాగ్రత్తగ లేకపోవుడు. ఒక్కటే తప్పు ఇద్దరికెట్ల వచ్చింది? ఎవరు చూసి రాసిండ్రు?" అన్నారు.

"ఎవ్వరం చూడలే మేడం," అన్నాం, ఇద్దరం ఒకేసారి.

నిజంగానే చూడలేదు. ఏడాదిగా పక్కపక్కన కూర్చుని కొత్త మాటలు పోగుచేసుకుంటున్నాం. ఆ తప్పు మొదట ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదు. రేపు వేర్వేరు గదుల్లో మళ్లీ రాయమన్నారు మేడం. మళ్లీ ఒకేలా ఉంటే జిల్లా వ్యాసరచన పోటీకి ఇద్దరి పేర్లూ పంపరు.

స్వప్నకు తెలియని మాటతో మొదలుపెట్టాలని సాయంత్రం నానమ్మను అడిగి ఒకటి రాసుకున్నాను. అప్పుడే స్వప్న మెసేజ్ వచ్చింది: "రేపు మా నానమ్మ మాటతోని షురూ చేస్తనే. మరి నువ్వు?"

మళ్లీ ఇద్దరికీ ఒకే ఆలోచన! భయమేసింది. ఇంతకీ నా సొంత మాట ఏది? మీకెవరికైనా ఇలా జరిగితే చెప్పండి. రేపు పొద్దున నానమ్మ మాట కొట్టేసి, ఈ భయంతోనే మొదలుపెడతాను. స్వప్న కూడా భయపడుతోందా అని మాత్రం అడగను.